వెనకొచ్చిన కొమ్ములు

ఫ్రాన్స్ పల్లెల్లో ఈమధ్య తరచూ రేగే తగవు ఒకటుంది. ఊరి చివర, నాలుగైదు ఇళ్ళకు ఆనుకుని ఉన్న పంచాయతీ స్థలంలో వేటగాళ్ళ సంఘం విడిది కట్టుకుంటానంటుంది. ఆ ఇళ్ళవాళ్ళు వద్దంటారు. సంతకాలు సేకరిస్తారు, పాత దుప్పటి మీద నినాదం రాసి కంచెకు కడతారు, మేయరుకు రిజిస్టరు ఉత్తరం పంపుతారు. మర్నాటికల్లా వాళ్ళ మీద ఒక ముద్ర పడిపోతుంది: పట్నం నుంచి ఊడిపడ్డవాళ్ళు. పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ ముద్ర తప్పదు.

ముద్ర వెనక ఉన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. పల్లె కావాలని వచ్చారు, పల్లెలో ఉండే చప్పుడూ వాసనా మాత్రం వద్దంటారు. నిన్న కోడి కూసిందని కోర్టుకెక్కారు, ఇవాళ వేట వద్దంటున్నారు, రేపు చర్చి గంట మోగకూడదంటారు. వేట తాతలనాటి ఆచారం, నచ్చనివాళ్ళు వచ్చిన దారినే పోవచ్చు. వేట సమాఖ్యల నాయకులు మొదలు టీవీ చర్చల్లో కూర్చునే రాజకీయ నాయకుల దాకా ఇదే పాట. తుపాకీ ఎన్నడూ ముట్టని రాజధాని రచయితలు కూడా పల్లె మీది ప్రేమకొద్దీ దీన్నే తిప్పి తిప్పి రాస్తుంటారు. ఈ వాదన తప్పు. ఏదో ఒకచోట తప్పటడుగు వేసిందని కాదు, ఎక్కడ పట్టుకున్నా చేతిలోనే విరిగిపోతుంది.

మన పాఠకులకు ఒక మాట ముందే చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మనకు వేట అంటే నేరం. అంతకుముందు వేట అంటే రాజులు, జమీందార్లు, చచ్చిన పులి మీద కాలు పెట్టి దిగిన ఫొటోలు. అందుకే ఇలాంటి తగవు గురించి వినగానే మన మనసు ముందు జింక వైపు, అక్కణ్ణుంచి ఊరివాళ్ళ వైపు దానంతటదే పోతుంది. ఆ జాలితో నాకు పేచీ లేదు గానీ ఇక్కడ అది అక్కరకు రాదు. విడిది వద్దంటున్నవాళ్ళందరూ శాకాహారులూ కారు, వేటకు విరోధులూ కారు. వేట మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. ఈ కట్టడం ఈ ఇంటి పక్కకే రావాలా అన్నది వేరే ప్రశ్న. మొదటిదాన్ని ముందుకు తోసి రెండోదాన్ని మరుగుపరచడంలోనే ఉంది అవతలివాళ్ళ నేర్పంతా.

పైగా ఫ్రెంచి వేటగాడు జమీందారు కాడు. కుళాయిలు బాగుచేసే పనివాడు, రిటైరైన రైల్వే ఉద్యోగి, పాడిరైతు. ఏటా దాదాపు పది లక్షల మంది వేట పర్మిట్టు తీసుకుంటారు. 1970లలో ఆ సంఖ్య ఇరవై లక్షలు దాటి ఉండేది. గుర్రాలెక్కి, బూరలు ఊదుకుంటూ కుక్కల వెంట సాగే దొరల వేట ఇంకా ఉంది గానీ అది చిన్న పాయ. కాబట్టి "ఇది సామాన్యుడి హక్కు, విప్లవం తెచ్చిపెట్టిన హక్కు" అని వేట సంఘాలు అన్నప్పుడు అందులో నిజముంది. వాళ్ళ వాదనలో అన్నిటికన్నా గట్టి ముక్క ఇదే. కనుక ముందు దీన్నే పట్టుకుందాం.

1789కి ముందు వేట ప్రభువుల సొత్తు. తన చేలో పడి మేసే కుందేలును రైతు కొట్టకూడదు, విత్తనాలు ఏరుకు తినే దొరగారి పావురాలను తరమకూడదు. దొర వేటకు బయల్దేరితే ఆ గుర్రాలూ కుక్కలూ పండిన పైరు మీదుగానే పోయేవి. ఆ ఏడు రాజు ప్రతినిధుల సభను పిలిచినప్పుడు ఊరూరా రాసి పంపిన ఫిర్యాదుల పుస్తకాల్లో ఈ బాధ మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. ఆగస్టు 4 రాత్రి ఆ ప్రత్యేక హక్కులన్నీ ఒక్క వేటున పోయాయి. తర్వాత వారంలో, ఆగస్టు 11న ఖరారైన శాసనంలో వేటకు ఒక అధికరణమే ఉంది. దాని సారం ఇది: భూమి ఉన్న ప్రతివాడూ వేట జంతువులను చంపుకోవచ్చు, అయితే తన భూమి మీద మాత్రమే.

ఆ "మాత్రమే" ఎవరి పక్షాన నిలబడుతుంది? విప్లవం సామాన్యుడికి ఇచ్చింది ఊరంతా తిరిగి వేటాడే హక్కు కాదు. ఇతరుల వేట తన గడపలోకి, తన చేలోకి రాకుండా అడ్డుకునే హక్కు. ఆనాడు ఫిర్యాదుల పుస్తకంలో తన గోడు రాయించిన రైతుకు ఇవాళ వారసుడెవరో చూడాలంటే నారింజరంగు జాకెట్టు వేసుకున్న వేటగాణ్ణి కాదు, కంచెకు దుప్పటి కట్టిన మనిషిని చూడాలి.

ఈ హక్కును వెనక్కి లాక్కున్నది కూడా వేట రాజకీయమే. 1964 జులై 10న వెర్దేయ్ అనే సెనేటరు పేరు మీద ఒక చట్టం వచ్చింది. అది అమలైన జిల్లాల్లో ఊరికో వేట సంఘం ఏర్పడుతుంది. సాధారణంగా 20 హెక్టార్లకు తక్కువ భూమి ఉన్నవాళ్ళు ఇష్టమున్నా లేకున్నా తమ పొలాల మీద వేటాడే హక్కును ఆ సంఘానికి ధారపోయాలి. పెద్ద భూస్వామి వద్దనగలడు, చిన్న రైతు అనలేడు. వేటను వ్యతిరేకించే రైతు సైతం తన చేలోకి వేటగాళ్ళు వస్తే నోరు మూసుకోవలసిందే. ముప్ఫై అయిదేళ్ళు ఇలాగే నడిచింది. చివరికి కొందరు చిన్న రైతులు స్ట్రాస్‌బుర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 1999 ఏప్రిల్ 29న ఆ కోర్టు ఫ్రాన్స్‌ను తప్పు పట్టింది: ఆస్తి హక్కు, ఇష్టం లేని సంఘంలో చేరకుండా ఉండే హక్కు, చిన్నాపెద్దా భూమి తేడా లేని సమాన న్యాయం, మూడూ భంగపడ్డాయని చెప్పింది. 2000 జులైలో ఫ్రాన్స్ చట్టాన్ని సవరించి, మనస్సాక్షి ఒప్పుకోనివాళ్ళు తమ భూమిని వేట నుంచి తప్పించుకునే వీలు కల్పించింది. "తాతలనాటి స్వేచ్ఛ" అని చెప్పుకుంటున్న దానిలో ఎంత భాగం 1964లో పుట్టిందో ఈ కేసు బయటపెట్టింది.

చరిత్ర సంగతి అలా ఉంచి ఇవాళ్టి చట్టానికి వద్దాం. అవతలివాళ్ళకు ఎంతో ఇష్టమైన ప్రశ్న: ముందున్నది ఎవరు?

2019లో ఒలెరాన్ దీవిలో మొరీస్ అనే కోడిపుంజు దేశమంతటికీ తెలిసింది. పక్కింట్లో సెలవులు గడపడానికి వచ్చే దంపతులు దాని కూత భరించలేక కోర్టుకు వెళితే, రోష్‌ఫోర్ న్యాయస్థానం సెప్టెంబరులో కోడి యజమానురాలి పక్షాన తీర్పు చెప్పింది. నాకూ ఆ తీర్పు నచ్చింది. ఆ ఊపులోనే 2021 జనవరి 29న పల్లెల చప్పుళ్ళనూ వాసనలనూ జాతి వారసత్వంగా గుర్తించే చట్టం వచ్చింది. 2024 ఏప్రిల్ 15న ఇంకో చట్టం వచ్చి ఫ్రెంచి సివిల్ కోడ్‌లో 1253వ అధికరణాన్ని చేర్చింది. పొరుగువాడికి మామూలు హద్దు దాటిన ఇబ్బంది కలిగించినవాడు బాధ్యత వహించాలి. అయితే ఫిర్యాదుదారు ఇల్లు కొనక ముందునుంచీ ఆ పని అక్కడ చట్టప్రకారం సాగుతూ, తర్వాత ముదరకుండా ఉంటే అతను అడగడానికి లేదు. పట్నం నుంచి వచ్చి పశువుల కొట్టం మీద కేసు వేసేవాళ్ళ నోరు కట్టడానికి చేసిన చట్టమిది. ఆ రోజుల్లో న్యాయమంత్రి ఎరిక్ దుపోఁ-మొరెత్తి. మంత్రి కాకముందు, వేటగాళ్ళ జాతీయ సమాఖ్య అధ్యక్షుడు విల్లీ ష్రాన్ పుస్తకానికి ముందుమాట రాసిన పెద్దమనిషే ఆయన. వేటగాళ్ళకు ఇంతకన్నా ఆప్తుడైన న్యాయమంత్రి దొరకడం కష్టం.

ఇప్పుడు ఆ చట్టాన్నే విడిది తగవుకు పెట్టి చూడండి. ఇళ్ళు ముందునుంచీ ఉన్నాయి. కొన్ని వందేళ్ళనాటి రాతి గోడలు. విడిది ఇంకా కాగితం మీదే ఉంది. కోడి కథలో కొత్తగా వచ్చింది మనిషి. ఈ కథలో కొత్తగా వస్తున్నది కట్టడం. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత మనవాళ్ళు సరిగ్గా ఇలాంటి సందర్భానికే పుట్టించారేమో. మొరీస్‌ను కాపాడిన న్యాయాన్ని నిజంగా నమ్మేవాడు ఇక్కడ ఇళ్ళవాళ్ళ పక్షాన నిలబడాలి. నిలబడడు, ఎందుకంటే అతనికి కావలసింది ముందూ వెనకా కాదు, వేట.

ఇంతకీ అక్కడ కట్టబోయేది ఏమిటి? అనుమతి దరఖాస్తులో అది చిన్న షెడ్డులాగే కనబడుతుంది. లోపల జరిగే పని తెలియనివాళ్ళు ఓ గుడిసె, నాలుగు బెంచీలు ఊహించుకుని "దీనికింత గొడవా" అంటారు.

వేట రోజున అడవిపందుల వేట ఎలా సాగుతుందో చూస్తే గొడవ అర్థమవుతుంది. పొద్దున్నే జీపులు విడిది దగ్గరికి వస్తాయి, వెనక పెట్టెల్లో కుక్కలు. పెట్టె తలుపు తెరవకముందే అవి పసిగట్టి అరవడం మొదలుపెడతాయి, ఒకటి మొదలెడితే అన్నీ అందుకుంటాయి. ఒక్కొక్కరూ రిజిస్టరులో సంతకం పెడతారు. వేట పెద్ద ఆ రోజు ఏవి కొట్టవచ్చో, ఏవి కూడదో, బూర ఎన్నిసార్లు ఊదితే ఏమని అర్థమో చెబుతాడు. ఎవరు ఎక్కడ కాపు కాయాలో పంచుతాడు. కాపు కాసేవాడు తన స్థానంలో నిలబడి, ఇంటివైపో, దారివైపో, పక్కవాడి వైపో అయిదడుగులు వేసి, అక్కణ్ణుంచి పక్కకు మూడడుగులు వేసి గుర్తు పెట్టుకుంటాడు. అది ముప్ఫై డిగ్రీల కోణం, ఆ కోణంలోకి కాల్చకూడదు. ఇదంతా మంచి పద్ధతే, పాటించినంత కాలం. తర్వాత కుక్కలతో మరో గుంపు అడవిలోకి దిగి పందులను అదిలిస్తుంది. ఈ చివరి భాగం అడవిలో జరుగుతుంది, దానితో విడిదికి పని లేదు.

విడిదిలో అసలు పని మధ్యాహ్నం మొదలవుతుంది. చచ్చిన పందులను జీపు వెనక వేసుకుని తెస్తారు. వెనక కాళ్ళకు కొక్కేలు తగిలించి పట్టాకు వేలాడదీస్తారు. పొట్ట చీల్చి పేగులు తీస్తారు, తోలు ఒలుస్తారు, ముక్కలు కొట్టి వాటాలు వేస్తారు. మాంసం నలుగురికీ వడ్డించేదైతే పందిలో ఉండే ట్రికినెల్లా పురుగు కోసం కండ ముక్క తీసి పరీక్షకు పంపాలి. పచ్చి పేగులు తిన్న కుక్కకు ఔజెస్కీ జబ్బు రావచ్చు, వస్తే బతకదు. గచ్చు మీద రక్తాన్ని గొట్టంతో కడుగుతారు; ఆ నీళ్ళు ఎటు పోతాయన్నది చాలా ప్లానుల్లో సన్నటి గీత. పేగులూ తోళ్ళూ పీపాల్లో వేసి, వాటిని తీసుకెళ్ళే బండి వచ్చేదాకా ఉంచుతారు. సెప్టెంబరు ఎండలో ఆ పీపా పక్కన గంట నిలబడితే చాలు, ఇరుగుపొరుగు ఎందుకు గోల పెడుతున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక మాంసం కోల్డ్ రూములో ఉంటుంది. వేట వారానికి రెండు రోజులే కావచ్చు, దాని కంప్రెసరు మాత్రం రాత్రింబవళ్ళు కొట్టుకుంటూనే ఉంటుంది. మంగళవారం రాత్రి రెండింటికి పడగ్గదిలో వినబడేది ఏ పల్లె సంప్రదాయమో వారసత్వ చట్టం చేసినవాళ్ళే చెప్పాలి.

చివరగా భోజనం. పొడవాటి బల్ల, పాస్తిస్ మద్యం గ్లాసులు, మాంసం కూర, పాటలు. దీన్ని నేను తప్పు పట్టను. ఊళ్ళో మిగిలిన ఒక్క కాఫీ దుకాణం కూడా మూతపడిన చోట పదిమంది కూర్చుని తినడానికి ఇంకో చోటు ఉండకపోవచ్చు. కాని తప్పతాగి తుపాకీ పట్టుకుంటే 1500 యూరోల దాకా జరిమానా అని ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ బల్ల దగ్గరి సంగతులు అధికారులకూ తెలుసనే అర్థం.

అంటే ఇది కబేళా, కుక్కల మజిలీ, జీపుల పార్కింగు, భోజనశాల కలిసిన కట్టడం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట కాలం; అడవిపందికైతే ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టరు లాంటి అధికారి, అనుమతిస్తే ఆ హద్దులు దాటి కూడా సాగవచ్చు. "ఏడాదికి నాలుగు ఆదివారాలు ఓర్చుకోలేరా" అనేవాళ్ళు క్యాలెండరు చూసి మాట్లాడితే బాగుంటుంది.

ఇక్కడ మరో వింత. 1964 చట్టం ప్రకారమే, ఇంటి చుట్టూ 150 మీటర్ల లోపు భూమి ఊరి వేట సంఘం పరిధిలోకి రాదు. యజమాని ఒప్పుకుంటే తప్ప సంఘం అక్కడ వేటాడకూడదు. (ఇళ్ళకు ఇంత దూరంలో ఎవరూ కాల్చరాదని దేశమంతటికీ వర్తించే నిషేధం మాత్రం లేదు. చాలామంది ఉందనుకుంటారు.) పంది కోసం నిలబడే మనిషిని ఇంటికి 150 మీటర్ల అవతల ఉంచాలని అరవై ఏళ్ళ కిందటే వేటగాళ్ళ సొంత చట్టానికి తోచింది. పందిని కోసే కొట్టాన్ని మాత్రం గోడవారనే పెట్టుకోవచ్చట!

"మేం లేకపోతే పందులు మీ తోటలు తవ్వేస్తాయి" అన్నది తర్వాతి బాణం. అడవిపందులు పొలాలు పాడుచేస్తాయి, నిజమే. పెద్ద జంతువులు చేసే పంట నష్టానికి రైతులకు పరిహారం కట్టేది వేట సమాఖ్యలే, అదీ నిజమే. కాని లెక్క పూర్తిగా చూడాలి. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఏటా వేటలో పడే అడవిపందులు నలభై వేలకు లోపు. ఈమధ్య అవి ఎనిమిది లక్షలు దాటాయి. చలి తగ్గడం, మొక్కజొన్న సాగు పెరగడం కారణాలే. ఆడపందులను వదిలేసి మందను పెరగనివ్వడం, అడవిలో గింజలు చల్లి మేపడం కూడా కారణాలే, ఆ పని చేసింది ఎవరో అందరికీ తెలుసు. పందుల్ని అదుపు చేసే బాధ్యత యాభై ఏళ్ళుగా ఎవరి చేతిలో ఉందో వాళ్ళే, అవి ఇన్ని రెట్లు పెరిగాక, మేం లేకపోతే ఎలా అని అడుగుతున్నారు. పోనీ, వేట అవసరమనే ఒప్పుకుందాం. ఊరికి శ్మశానం కూడా అవసరమే. అంతమాత్రాన ఫలానావాళ్ళ పెరటి గోడ పక్కనే పెడతామంటే ఒప్పుకుంటామా?

భద్రత గురించి ఇరుపక్షాలూ అతిగా మాట్లాడతాయి. విడిది దగ్గర ఎవరూ కాల్చరు. తుపాకీలు ఖాళీ చేసి, ఒరలో పెట్టి బండిలో ఉంచాలన్నది నియమం. ప్రమాదాలు ఇరవై ఏళ్ళ కిందటితో పోలిస్తే బాగా తగ్గాయి. 2022-23 వేట కాలంలో ప్రభుత్వ లెక్క ప్రకారం 78 ప్రమాదాలు, 6 మరణాలు. వేటగాళ్ళు ఈ అంకెలు చూపినప్పుడు కాదనడానికి లేదు. కాని 2020 డిసెంబరు 2న లోత్ జిల్లాలోని కాల్విన్యాక్‌లో ఏం జరిగిందో ఆ అంకెలు చెప్పవు. పాతికేళ్ళ యువకుడు తన ఇంటి దగ్గర కట్టెలు కొట్టుకుంటుంటే, అడవిపంది అనుకుని ఒక వేటగాడు కాల్చాడు. ఆ యువకుడు చనిపోయాడు. 2023 జనవరిలో కోర్టు కాల్చినవాడికి రెండేళ్ళ శిక్ష వేసి, దాన్నీ అమలు చేయకుండా నిలిపి, జన్మలో మళ్ళీ వేటాడకుండా నిషేధించింది. స్నేహితులు మొదలుపెట్టిన అర్జీకి లక్షకు పైగా సంతకాలు పడ్డాయి, సెనేటు విచారణ సంఘం వేసింది. ఆదివారమైనా వేట ఆపండని అడిగితే ప్రభుత్వం 2023 జనవరిలో కుదరదంది. ఆ కుర్రాడు పారిస్ నుంచి నిశ్శబ్దం వెతుక్కుంటూ వచ్చినవాడు కాదు. తన ఇంటి దగ్గర, పల్లెల్లో అందరూ చేసే పనే చేసుకుంటున్నాడు. ఆ తర్వాత ఇంటి పక్కన జీపులు ఆగితే తల్లులు పిల్లల్ని లోపలికి పిలవడాన్ని పట్నపు సున్నితం అని వెక్కిరించేవాడికి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నా రాయను.

అసలు పల్లె అంటే వేట, వేట అంటే పల్లె అన్న సమీకరణం ఎప్పటిది? దాన్ని ఓట్లుగా మార్చినవాళ్ళు మాత్రం 1989లో "వేట, చేపలు, ప్రకృతి, సంప్రదాయాలు" అన్న పేరుతో పార్టీ పెట్టుకున్నవాళ్ళు. స్ట్రాస్‌బుర్గ్ తీర్పు వచ్చిన 1999 వసంతంలోనే, జూన్‌లో జరిగిన యూరోపియన్ ఎన్నికల్లో ఆ పార్టీ 6.77 శాతం ఓట్లు, ఆరు సీట్లు తెచ్చుకుంది. ఆ తర్వాత పార్టీ సన్నగిల్లింది గానీ దాని భయం మిగిలింది. 2018 ఆగస్టులో మక్రోఁ అధ్యక్ష భవనంలో వేటగాళ్ళతో సమావేశమై, దేశమంతటా చెల్లే పర్మిట్టు ధరను 400 యూరోల నుంచి 200కు దించడానికి ఒప్పుకున్నాడు. ఆ గదిలో వేటగాళ్ళ తరఫు లాబీయిస్టు కూర్చుని ఉండటం చూసిన పర్యావరణ మంత్రి నికొలా ఉలో మర్నాడే రేడియోలో రాజీనామా ప్రకటించాడు.

అంకెలు చూస్తే ఈ భయం విచిత్రంగా ఉంటుంది. జాతీయ గణాంక సంస్థ లెక్కలో ఫ్రాన్స్ జనాభాలో మూడో వంతు పల్లె కమ్యూన్లలో (కమ్యూన్ మన పంచాయతీ లాంటిది) ఉంటుంది, అంటే రెండు కోట్లకు పైమాటే. వేటగాళ్ళు పది లక్షలు, వాళ్ళలో పట్టణాల్లో ఉండేవాళ్ళూ తక్కువేం కాదు. అందరూ పల్లెవాళ్ళే అనుకున్నా పల్లెలో ఇరవై మందికి ఒకడు. మిగతా పంతొమ్మిది మంది పల్లెవాళ్ళు కారా? అన్నట్టు, 1964 చట్టం కింది ఊరి సంఘాలు తమ సభ్యుల్లో కనీసం పదో వంతు బయటివాళ్ళకు చోటివ్వాలి. బయటివాడు తుపాకీతో వస్తే ఊరివాడు, సూట్‌కేసుతో వస్తే పరాయివాడు!

"ఊరి కౌన్సిలు ఓటేసింది, ప్రజాస్వామ్యం" అంటారు. ఫ్రాన్స్ కమ్యూన్లలో సగానికి పైగా అయిదు వందల జనాభా కూడా లేనివి. కౌన్సిలులో పదకొండు మందో, అంతకన్నా తక్కువో. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు వేట సంఘం సభ్యులైతే, మరొకరి బావమరిది దాని కోశాధికారి అయితే, ఆ ఓటు ఎవరిది? ఒక విషయంలో సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు దాని తీర్మానంలో పాల్గొంటే ఆ తీర్మానం చెల్లదని ఫ్రెంచి స్థానిక సంస్థల చట్టమే చెబుతోంది. అర్థమేమిటంటే, ఇది కొత్త అనుమానం కాదు, చట్టం చేసినవాళ్ళు ముందే ఊహించిన జబ్బు.

ఊరంతా మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అన్న వాదన ఇంకా అన్యాయం. పల్లెలో మౌనానికి వేరే కారణాలుంటాయి. వేట సంఘం అధ్యక్షుడి ట్రాక్టరే మంచు పడ్డప్పుడు నీ దారి శుభ్రం చేస్తుంది. అతని కోడలే బడిలో నీ పిల్లకు పంతులమ్మ. మనకీ తెలిసిన లెక్కే కదా ఇది, రచ్చబండ దగ్గర అందరూ తలూపి ఇంటికెళ్ళి గొణుక్కోవడం. అనుమతి బోర్డు స్థలం దగ్గర కనబడేట్టు పెట్టిన రోజు నుంచి పొరుగువాళ్ళకు సవాలు చేయడానికి రెండు నెలలు గడువు. ఆ రెండు నెలల్లో వకీలును వెతకాలి, డబ్బు పోగుచేయాలి, ముఖాముఖి రోజూ కనబడే మనుషుల మీద కోర్టుకెక్కే ధైర్యం తెచ్చుకోవాలి. దానికి సిద్ధపడిన నలుగుర్ని "సరదాకి గొడవ చేసేవాళ్ళు" అనడం ఎలా కుదురుతుందో నాకు తెలియదు. వాళ్ళ చేతిలో ఆయుధాలు లేకపోలేదు. జనం ఆరోగ్యానికో భద్రతకో హాని కలిగే కట్టడానికి అనుమతి నిరాకరించవచ్చని పట్టణ ప్రణాళికా నియమావళి చెబుతుంది. వ్యవసాయ మండలంగా, ప్రకృతి మండలంగా గీసిన చోట ఏది కట్టవచ్చో, ఏది కూడదో అన్నదీ వాదించదగ్గ విషయమే.

ఇక అవతలివాళ్ళ వాదనల్లో పైకి తక్కువగా వినిపించేది, నిజానికి అసలుది: వేరే చోటు లేదు. ఎందుకు లేదు? ఊరి చుట్టూ మైళ్ళ కొద్దీ అడవీ పొలాలూ ఉన్నాయి, వేట జరిగేదీ అక్కడే. అయితే మాంసం కోసే చోట మంచి నీళ్ళ కుళాయి ఉండాలి, కోల్డ్ రూముకు కరెంటు ఉండాలి, జీపులకు దారి ఉండాలి, మురుగునీటికి దారి ఉండాలి. ఇవన్నీ ఇప్పటికే ఉన్నది ఇళ్ళ దగ్గర. స్థలం పంచాయతీదైతే నామమాత్రపు అద్దెకు దొరుకుతుంది. అడవి అంచుకు వెళితే నీళ్ళ గొట్టమూ కరెంటు తీగా లాక్కోవాలి, అది సంఘానికి ఖర్చు. దాన్ని నేను చిన్న విషయం అనను. ఈ సంఘాలు ధనికమైనవి కావు. కాని ఆ ఖర్చు మాయమైపోదు. గొట్టానికి కట్టని డబ్బును పక్కింటివాళ్ళు నిద్ర రూపంలో, ఈగల రూపంలో, అమ్మబోతే పడిపోయిన ఇంటి ధర రూపంలో కడతారు. సంప్రదాయం, పల్లె ఆత్మ, పట్నం అహంకారం అన్న పెద్దపెద్ద మాటల వెనక దాచిపెట్టిన బిల్లు ఇది.

అందుకే అలాంటి ఊరి కౌన్సిలు సమావేశానికి వెళ్ళేవాళ్ళు అక్కడ వేట గురించీ, జంతువుల గురించీ, పల్లె సంస్కృతి గురించీ నోరెత్తకపోవడం మంచిది. ఎత్తారా, సాయంత్రమంతా దాంట్లోనే పోతుంది, చివర్లో చేతులెత్తి ఓటు వేసేస్తారు. అడవి అంచున సరిపడే ఇంకో స్థలం ఏది, అక్కడికి నీళ్ళూ కరెంటూ తీసుకెళ్ళడానికి ఎంతవుతుందో అంచనా వేయించారా, ఆ కాగితం ఫైల్లో ఉందా అని అడిగితే చాలు. ఉంటే బల్ల మీద పెట్టమనాలి, సంఘం ఎంత, కమ్యూన్ ఎంత, ప్రాంతీయ మండలి గ్రాంటు ఎంత భరిస్తుందో అక్కడే లెక్క వేయమనాలి. లేకపోతే అది వేయించేదాకా ఓటు వాయిదా వేయమని కోరి, ఆ కోరిక సమావేశపు మినిట్స్‌లో రాశారో లేదో చూసుకుని మరీ ఇంటికి రావాలి.